మాట లేని కీర్తన



పాట అయిపోయాక డోలకు, కీబోర్డు ఇంకో రెండు నిమిషాలు మోగితే మన సంఘాల్లో పెద్దలు విసుక్కుంటారు. "మాటలు లేకపోతే అది ఆరాధన ఎలా అవుతుంది అయ్యగారూ, ఉత్త మోత కదా" అంటారు. ఈ మాట నేను ఒప్పుకోను. ఎందుకో చెప్పడానికి ఈసారి ఒక సంగీతకారుణ్ణి తోడు తెచ్చుకుంటున్నాను.

ఆయన పేరు జాన్ కోల్ట్రేన్. 1926లో అమెరికాలోని నార్త్ కరోలినాలో పుట్టిన నల్లజాతి సాక్సోఫోన్ విద్వాంసుడు. సాక్సోఫోన్ అంటే మన పెళ్లి బ్యాండ్లలో క్లారినెట్ పక్కన అక్కడక్కడా కనిపించే ఆ వంపు తిరిగిన ఇత్తడి వాయిద్యమే. ఆయన తాతలిద్దరూ నల్లజాతి మెథడిస్టు సంఘంలో పాస్టర్లు. జాజ్ సంగీతంలో పేరు వస్తున్న రోజుల్లోనే హెరాయిన్‌కూ తాగుడుకూ బానిసై, 1957లో మైల్స్ డేవిస్ బృందంలో చోటు పోగొట్టుకున్నాడు. ఫిలడెల్ఫియాలో తల్లి ఇంట ఉండి ఆ వ్యసనం వదిలించుకున్నాడు. ఆ ఏడాదే దేవుని కృపవల్ల తనకు ఆత్మీయ మెలకువ కలిగిందనీ, సంగీతం ద్వారా ఇతరులను సంతోషపెట్టే భాగ్యం ఇమ్మని వేడుకున్నాననీ తర్వాత తానే రాశాడు. ఆ మెలకువ తర్వాత కూడా కొంతకాలం దారి తప్పానని దాచకుండా రాశాడు. మనం సాక్ష్యం చెప్పేటప్పుడు ఈ రెండో ముక్క మింగేస్తుంటాం.

ఈ మాటలు ఉన్నది 'ఎ లవ్ సుప్రీమ్' అనే రికార్డు అట్ట మీద. 1964 డిసెంబరు 9న నలుగురు కలిసి వాయించారు. నాలుగు భాగాలు, అరగంట పైచిలుకు. మొదటి భాగం చివర ఆ రికార్డు పేరులోని మూడు మాటలను పదేపదే పలుకుతారు. నోటి మాట అంతే. నాలుగో భాగానికి ఆయన పెట్టిన పేరు 'సామ్', అంటే కీర్తన. అట్ట మీద ఆయన దేవునికి రాసుకున్న ప్రార్థన కవిత అచ్చయి ఉంది. ఈ భాగంలో దాన్ని సాక్సోఫోన్‌తో చదువుతాడు! కవిత ముందు పెట్టుకుని వినండి, పదాల వెంటే స్వరాలు నడుస్తాయి. వాక్యం ఆగినచోట ఊపిరి ఆగుతుంది. తాళం లెక్క కూడా పక్కన పెట్టాడు, ప్రార్థన ఎలా సాగితే వాయిద్యం అలా సాగింది.

ఇప్పుడు చెప్పండి, ఇందులో మాట లేదా? ఉంది, వాయించేవాడి లోపల ఉంది. మొదటి సమూయేలు 16వ అధ్యాయం తీసి చూడండి. సౌలు ఎదుట దావీదు పాడినట్టు అక్కడ లేదు. సితారా చేతితో వాయించాడు, రాజుకు నెమ్మది కలిగింది.

ఇంకో సంగతి. కోల్ట్రేన్ సాధన పిచ్చివాడు. వాయిద్యం చేతిలో ఉండగానే నిద్రలోకి జారేవాడని చెబుతారు. "ఆత్మ నడిపిస్తాడులే" అంటూ శనివారం ప్రాక్టీసు ఎగ్గొట్టే మన యవ్వనస్థులు ఇది వినాలి.

ఆయన చెప్పిన ప్రతిదానికీ నేను ఆమేన్ అనను. తర్వాతి రోజుల్లో అన్ని మతాలనూ ఒకటిగా చూశాడు, అక్కడ ఆయనతో నడవలేను. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆయన్ని పరిశుద్ధుడని పిలిచే చర్చి కూడా ఉంది. అది నాకు మింగుడుపడదు. 1967లో 40 ఏళ్లకే కాలేయ క్యాన్సరుతో చనిపోయిన మనిషి ఆయన, మనిషిగానే ఉండనిద్దాం.

ఇదంతా ఎందుకంటే, మా సంఘంలో పెళ్లి బ్యాండులో క్లారినెట్ వాయించే తమ్ముడొకడు ఉన్నాడు. ఊరేగింపుల్లో తాగినవాళ్ల ముందు సినిమా పాటలు ఊదిన నోటితో మందిరంలో ఊదకూడదని కొందరి అభ్యంతరం. ఆ ఊదటమే వాళ్లింటికి అన్నం పెడుతోంది. ఆదివారం మాత్రం వచ్చి వెనక చాప మీద ఊరికే కూర్చుని వెళుతున్నాడు. నేనైతే వాయించనివ్వాలంటాను. ఒకటే షరతు: ఏ కీర్తన వాయిస్తే దాని మాటలు, వాటి అర్థం ముందు నోటికి రావాలి. నిజానికి ఈ షరతు డోలకు వాయించేవాడికీ పెట్టాలి, కీబోర్డు వాయించేవాడికీ పెట్టాలి.

పెద్దల కూటంలో ఇదే అడగబోతున్నాను. ఆ తమ్ముడికి మూడు చరణాల కీర్తన ఒకటి ఇచ్చాను. రెండు వచ్చేశాయట.