బస్సుకు దారి ఇవ్వండి

ట్రంకుపెట్టెతో పల్లె నుండి వచ్చి హైదరాబాద్‌లో దిగిన రోజున మాలో చాలామందికి కాలేజీ కంటే ముందు పరిచయమైంది సిటీ బస్సు. పొద్దున హాస్టల్లో ఉప్మా తిని స్టాపులో నిలబడతాం. రెండు బస్సులు ఆగకుండానే పోతాయి. మూడోదానిలో ఫుట్‌బోర్డు మీద ఒక కాలికి చోటు దొరికితే అదే అదృష్టం. మొదటి పీరియడ్ పోతుంది, హాజరు తగ్గుతుంది. హాజరు తగ్గితే స్కాలర్‌షిప్‌కే ముప్పు. అందుకే నగర రవాణా అంటే మాకు చదువు సమస్య.

1901లో బాలుడైన అంబేద్కర్ అన్నతో కలిసి తండ్రిని చూడడానికి రైలెక్కి మసూర్ స్టేషన్‌లో దిగారు. కులం తెలిసి బండివాళ్ళెవరూ ఎక్కించుకోలేదు. చివరికి రెట్టింపు కిరాయి ఇచ్చి, బండిని పిల్లలే తోలుకుంటే, బండివాడు పక్కన నడిచి వచ్చాడు. నేడు టికెట్ కొన్న ఎవరైనా ఎవరి పక్కనైనా కూర్చోగలిగే చోటు బస్సు. ఆ సీటు విలువ మనకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది?

1932లో నిజాం కాలంలో 27 బస్సులతో మొదలైన సర్వీసే నేటి ఆర్టీసీకి మూలం. 2003లో ఎం.ఎం.టి.ఎస్. రైళ్ళు, 2017లో మెట్రో వచ్చాయి. 2020 నాటికి మెట్రో 69 కిలోమీటర్లకు చేరింది. సంతోషమే. కాని పట్టాలు లేని బస్తీలకు బస్సే దిక్కు. మెట్రో దిగినవారికైనా ఇంటిదాకా బస్సో, నడవడానికి ఫుట్‌పాతో కావాలి. 2023 డిసెంబరు 9న తెలంగాణలో, 2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో మహిళలకు ఉచిత బస్సు ప్రయాణం మొదలైంది. మన చెల్లెళ్ళ చదువుకు అది అండ. అయితే ప్రయాణికులతోపాటు బస్సులూ పెరగాలి. లేకపోతే ఛార్జీ మిగులుతుంది గాని చోటు దొరకదు.

రోడ్లు వెడల్పు చేసి ఫ్లైఓవర్లు కడితే చాలని కొందరంటారు. రోడ్డు పెరిగినకొద్దీ బళ్ళూ పెరుగుతున్నాయి. యాభైమంది ఒక బస్సులో ఇమిడిపోతారు. అదే యాభైమంది యాభై బైకులెక్కితే సిగ్నల్ దగ్గర రోడ్డంతా నిండుతుంది. ఆ పొగ పీల్చేది స్టాపులో నిలబడ్డ మేమే.

నిజం చెప్పుకోవాలి. ఉద్యోగం రాగానే మనవాళ్ళూ మొదట కొనేది బైకే. వారిని తప్పుపట్టం. బస్సు వేళకు వస్తే అప్పు చేసి బైకు కొనే అవసరం ఎంతమందికి ఉంటుంది?

మేము కోరేవి పెద్ద కోరికలేమీ కావు. కాలేజీ వేళల్లో హాస్టళ్ళున్న రూట్లలో బస్సులు పెంచాలి. అహ్మదాబాద్‌లో 2009 నుండి నడుస్తున్నట్లు, వీలున్న పెద్ద రోడ్ల మీద బస్సులకు ప్రత్యేక దారి వేయాలి. పాత డీజిల్ బస్సుల స్థానంలో ఎలక్ట్రిక్ బస్సులు రావాలి. ఫుట్‌పాత్‌లు నడిచేవారికి మిగలాలి.

ఈ హాస్టల్లో చదివి నేడు ఇంజనీర్లుగా, అధికారులుగా ఉన్న అన్నలకు, అక్కలకు ఒక మనవి. మీ బల్ల మీదికి రోడ్డు ఫైలు వచ్చినప్పుడు అందులో బస్టాపు ఎక్కడుందో ఒకసారి వెతకండి. లేకపోతే సంతకానికి ముందు అడగండి. మీరూ ఒకప్పుడు ఆ స్టాపులో నిలబడ్డవారే కదా!