పది దినాల పరిచర్య

సాయంత్రం ఆరు దాటితే పోతిరెడ్డిపల్లి చౌరస్తాలో కర్మాగారాల బస్సులు వరుసగా ఆగి జనాన్ని దింపుతుంటాయి. కొన్నేళ్ళ క్రితం ఒక జనవరిలో ఆ రద్దీలోనే పన్నెండుమంది అమెరికన్లు వ్యాను దిగి, రోడ్డు దాటడానికి తంటాలు పడుతూంటే, వాళ్ళ ముందు చేయి అడ్డం పెట్టుకొని నడిచినవాణ్ణి నేను. పది దినాల కోసం వచ్చిన క్రైస్తవ పరిచర్య బృందానికి దుబాసీని. ఇంగ్లీషు పాఠాలు చెప్పుకొని బతికేవాణ్ణి కనుక మా సంఘంవారు నన్ను పిలిచారు. జీతం లేదు, భోజనం ఉంది.

ఇటువంటి యాత్రలకు వెళ్ళివచ్చినవారు తమ అనుభవాలు విరివిగా రాసుకుంటారు. వచ్చినవారిని పక్కనుండి చూసినవారు రాసినవి మాత్రం నాకంతగా తారసపడలేదు. అందుకే ఈ టపా.

వారి దినచర్య ఇలా ఉండేది. తెల్లవారుజామున సంగారెడ్డి లాడ్జిలో వేడినీళ్ళ బకెట్టు ఎప్పుడొస్తుందోనన్న ఆరాటం. ఆరున్నరకు మేడమీద ప్లాస్టిక్ కుర్చీలు వేసుకొని వాక్యధ్యానం. ఇడ్లీలు వస్తే చట్నీ పక్కకు నెట్టి పంచదారతో తినేవారు. పళ్ళు తోముకోవడానికి కూడా సీసా నీళ్ళే. ఎనిమిదికి వ్యాను. ఆడవాళ్ళు బజారులో కొన్న కొత్త చుడీదార్లలో వస్తే, చున్నీ ఎటు వేసుకోవాలో మా ఆడపిల్లలు నవ్వుతూ సర్దేవారు. ఉదయం పిల్లలకు వీబీఎస్: అభినయగీతాలు, రంగు కాగితాలు, నోవహు ఓడ. మధ్యాహ్నం సంఘంలోని అమ్మలు కారం తగ్గించి వండిన కోడికూర. ఆపైన వైద్యశిబిరం, నాలుగింటి నుండి ఇళ్ళ సందర్శన. రాత్రి లాడ్జిలో గుండ్రంగా కూర్చొని, ఆనాడు దేవుడు తమకేమి నేర్పాడో ఒక్కొక్కరే చెప్పుకొనేవారు. కొందరు ఏడ్చేవారు. ఆ కన్నీళ్ళు నటన కావు. ముందే ఈ మాట చెప్పెయ్యాలి, ఇకపైన నేననబోయేవి కాస్త కటువుగా ఉంటాయి కనుక.

నాలుగోనాడు గోడ పని పెట్టుకున్నారు. చర్చి ప్రహరీకి రంగు వెయ్యడం. మా సంఘంలోనే రంగులు వేసుకొని బతికే అన్న ఒకడున్నాడు. ఆనాడు అతనికి అప్పగించిన పని నిచ్చెన పట్టుకోవడం. ఇద్దరు అమ్మాయిలు నిచ్చెనెక్కి నవ్వుతూ కుంచె ఆడించారు, ఫొటోలు దిగారు, మోచేతుల దాకా నీలిరంగు పూసుకొన్నారు. చీకటిపడి వ్యాను వెళ్ళిపోయాక అతను నాతో అన్నాడు: "ప్రైమర్ కొట్టకుంటే రెండు నెలల్ల పెచ్చులూడ్తది సార్. గిదంత మళ్ళ గీకాలె." లైటు వేసుకొని రాత్రి పదకొండు దాకా గీకి, మళ్ళీ వేశాడు. ఆ సంగతి అతిథులకు తెలియకూడదని పెద్దలు నాకు చెప్పారు. తెలియనివ్వలేదు. తమ గోడ అంత నున్నగా వచ్చినందుకు మర్నాడు వాళ్ళే ఆశ్చర్యపోయారు.

ఇది మా ఊరి వింత కాదు. 1998లో మిచ్ తుఫాను హోండురాస్‌ను ముంచెత్తిన తరువాత ఉత్తర అమెరికా చర్చి బృందాలు అక్కడికి వెళ్ళి ఇళ్ళు కట్టాయి. కర్ట్ వెర్ బీక్ అనే సమాజశాస్త్రవేత్త ఆ లెక్క తీశాడు. స్థానికులు సుమారు 2,000 డాలర్లకు కట్టగలిగిన ఇంటికి, విమానపు ఖర్చులతో కలిపి, ఒక్కొక్క బృందం సుమారు 30,000 డాలర్లు వెచ్చించింది. మా గోడకు ఎంతయిందో లెక్క కట్టడానికి నాకు ధైర్యం చాలలేదు. (పర్యాటక వీసా మీద వచ్చి మతప్రచారం చేయడం మన నిబంధనలకు విరుద్ధం, మిషనరీలకు వేరే వీసా ఉంది. ఆ సంగతి ఎత్తినా పెద్దలు ఇదే విధంగా గొంతు తగ్గించేవారు.)

గోడ సంగతి మరచిపోవచ్చు. మరపురానిది నా సొంత తప్పు.

ఒక సాయంత్రం ఒక రేకుల ఇంటికి వెళ్ళాం. ఇంటాయన పాశమైలారంలో కంట్రాక్టు కార్మికుడు, అప్పటికి డ్యూటీకి వెళ్ళిపోయాడు. నీ కోసం ఏమని ప్రార్థించమంటావని వాళ్ళు ఆమెను అడిగించారు. ఆమె తడుముకోలేదు. "పదకొండేండ్ల సంది కంట్రాక్టుల్నే ఉన్నడు సార్. పర్మినెంటు చెయ్యమని అడుగుమను. నైటు డ్యూటీ ఉన్ననాడు నాకు నిద్ర పట్టది, ఆడ మందుల వాసనకే భయమైతది." నేను దీన్ని ఇంగ్లీషులో ఏమన్నానో తెలుసా? భర్త ఉద్యోగం గురించి ఆందోళనగా ఉంది, మనశ్శాంతి కోసం ప్రార్థించమంటోంది అన్నాను. ఎందుకన్నానో అప్పుడు ఆలోచించలేదు. ఇంకా మూడిళ్ళు తిరగాలి, వ్యాను ఎదురుచూస్తోంది, కంట్రాక్టు అంటే ఏమిటో విప్పి చెప్పాలంటే పావుగంట పడుతుంది. అందరూ ఆమె తలమీద చేతులుంచి శాంతి కోసం ప్రార్థించారు. గడప దాటుతుంటే ఆమె అడిగింది: "చెప్పినవా సార్?" "చెప్పిన అక్కా" అన్నాను.

2025 జూన్ 30న పాశమైలారంలోని ఒక ఔషధ కర్మాగారంలో పేలుడు జరిగి 40 మందికి పైగా కార్మికులు చనిపోయారు. ఆమె భర్త పనిచేసేది వేరొక చోట, అతను క్షేమం. టీవీ ముందు కూర్చున్న నాకు మాత్రం ఆ గడప, ఆ ప్రశ్న కళ్ళముందు కదిలాయి.

1968లో ఇవాన్ ఇల్లిచ్, స్వయంగా కాథలిక్ గురువై ఉండికూడా, మెక్సికోకు సేవ చేయడానికి వచ్చిన అమెరికన్ విద్యార్థులను ముఖంమీదే మందలించాడు. చూడడానికి రండి, చదువుకోవడానికి రండి, సాయం చేయడానికి మాత్రం రావద్దన్నాడు. ఆయన మాటల్లోని నిజం నాకు తెలుసు, అయినా పూర్తిగా ఒప్పుకోలేను. ఆ బృందంలోనే ఒక ముసలి నర్సమ్మ ఉండేది. ఆమె ఫొటోలు దిగలేదు. "నొప్పా?", "తగ్గిందా?" అనే రెండు మాటలు నా దగ్గర నేర్చుకొని, చక్కెరజబ్బుతో మానని కాలిపుండున్న ఒక అవ్వకు ఏడు దినాలు వరుసగా కట్టు కట్టింది. ఆ రెండు మాటలకు దుబాసీ అక్కర్లేదు.

మా ముత్తాత మెదకు గుడికి రాళ్ళు మోశాడని మా ఇంట్లో చెప్పుకొంటారు. 1914లో మొదలై 1924 క్రిస్మసు నాడు ప్రతిష్ఠ జరిగిన కట్టడమది. కరువుకాలంలో చార్లెస్ వాకర్ పాస్నెట్ దొర ఊరికే పంచకుండా పని కల్పించి తిండి పెట్టాడని ప్రసిద్ధి. ఆయన వెనుక సామ్రాజ్యపు నీడ ఉంది, కాదనను. కానీ రాయి మోసే భాగ్యం తనకే కావాలని ఆయన పట్టుబట్టలేదు. దశాబ్దాలు ఇక్కడే ఉన్నాడు. మనవాళ్ళూ ఇలా వెళ్ళినవారే. 1903లో నెల్లూరు ప్రాంతం నుండి జాన్ రంగయ్య, తెలుగు బాప్టిస్టులు పంపగా, దక్షిణాఫ్రికాలోని నేటాలుకు వెళ్ళాడు. అక్కడి కియర్స్‌నీ తేయాకు తోటల్లో ఒప్పందపు కూలీలుగా ఉన్నవారు తెలుగువాళ్ళు. వాళ్ళేమన్నారో ఆయనకు వేరొకరు విప్పి చెప్పవలసిన పని లేదు. 1915లో మరణించేదాకా అక్కడే ఉన్నాడు.

పది దినాలు తక్కువనడం నా ఉద్దేశం కాదు. నర్సమ్మకు ఏడు దినాలు సరిపోయాయి. పనిని ఎవరు నిర్ణయించారు, కూలి ఎవరికి దక్కింది, మధ్యలో నిలబడినవాడు ఏం మింగేశాడు అన్నవే నా ప్రశ్నలు.

వచ్చే జనవరిలో మరో బృందం వస్తోందట. పాస్టరుగారు ఫోను చేసి, ఈసారి సండేస్కూలు గదికి రంగు వేస్తారన్నారు. రంగులేసే అన్నకు కూలి ముందే మాట్లాడండి, వాళ్ళు నిచ్చెన పట్టుకుంటారు, అలాగైతే వస్తానన్నాను. ఇంకొక షరతు, ఇళ్ళల్లో నేను చెప్పేది ఎంత పొడుగైనా మధ్యలో ఆపకూడదని. "అంత దూరం నుంచి వచ్చేవాళ్ళు ఏమనుకుంటారో బాబూ" అన్నారాయన. పెద్దలతో మాట్లాడి చెబుతానన్నారు. ఇంకా చెప్పలేదు.