తక్కెడ సరే, రాయి ఎవరిది?

ఊచకోతనీ యుద్ధాన్నీ చూసి బతికినవాళ్ల మనసులో ఏం మిగిలిందో కొలవడానికి పరిశోధకులు ప్రశ్నల కాగితం పట్టుకొస్తారు. పీడకలలు వస్తున్నాయా? ఉలిక్కిపడుతున్నారా? జరిగింది గుర్తుచేసే పనులకి దూరంగా ఉంటున్నారా? ఒక్కో జవాబుకి మార్కులు. గీత దాటితే జబ్బున్నట్టు, దాటకపోతే లేనట్టు. ఆ జబ్బు పేరు పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్. అంటే ఘోరం జరిగిన తర్వాత మనసుని పట్టి వదలని బాధ. 1980లో ఇది అమెరికా మానసిక వైద్యుల పుస్తకంలోకి ఎక్కింది. వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన అమెరికా సైనికుల గోడు దానికి పెద్ద కారణం.

ఆ కాగితం ఇప్పుడు దేశదేశాలూ తిరుగుతోంది. పరీక్షించే వాడుతున్నామంటారు. ఎలా పరీక్షిస్తారు? ప్రశ్నల్ని అక్కడి భాషలోకి మార్చి, ఇంకొకరితో మళ్లీ వెనక్కి మార్పించి పోల్చిచూస్తారు. కొన్నాళ్లాగి అదే మనిషిని అవే ప్రశ్నలు అడుగుతారు. జవాబులు ఒకదానితో ఒకటి పొసుగుతున్నాయా అని లెక్కగడతారు. అన్నీ కుదిరితే నమ్మదగిన కొలత అని ముద్ర.

కిలో రాయి తొమ్మిది వందల గ్రాములే ఉందనుకోండి. ఎన్నిసార్లు తూచినా ఒకటే తూకం వస్తుంది. ప్రతిసారీ వంద గ్రాములు పోయేది మనకే. రేషన్ షాపు ముందు నిలబడ్డవాళ్లకి ఈ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. నిలకడ వేరు, నిజం వేరు.

కంబోడియా సంగతే చూడండి. 1975 నుంచి 1979 దాకా ఖ్మేర్ రూజ్ పాలనలో 15 నుంచి 20 లక్షల మంది పోయారని అంచనా. అమెరికా చేరిన ఇండోచైనా కాందిశీకుల కోసం రిచర్డ్ మోలికా బృందం చేసిన హార్వర్డ్ ట్రామా ప్రశ్నావళి 1992లో అచ్చయింది. పుస్తకంలోని లక్షణాలతో ఆగకుండా కాందిశీకుల బాధల్నీ అందులో చేర్చారు. అది మంచి పనే. అయినా చాలలేదు. కంబోడియా డాక్టర్ సొథేరా ఛిమ్ తన జనం నోటి మాటనే పట్టుకున్నాడు. బాక్స్‌బాత్, అంటే ధైర్యం విరిగిపోవడం. ఆ పాలనలో బతకాలంటే బూరుగు చెట్టు నాటుకోవాలనేవారు. వాళ్ల భాషలో బూరుగుకీ మూగకీ ఒకటే మాట. చూడనట్టు, విననట్టు, నోరు లేనట్టు ఉండమని అర్థం. పాలన పోయినా ఆ భయం పోలేదు. ఇది అమెరికా పెట్టిన పేరులో పూర్తిగా ఇమడదని ఆయన వాదన. మూగగా ఉండి ప్రాణం కాపాడుకున్నవాడు కాగితం పట్టుకొచ్చిన కొత్త మనిషికి నిజం చెప్తాడా?

ఇక ఆ కాగితమే మన వాడకొస్తే? "గుర్తుచేసే పనులకి దూరంగా ఉంటున్నారా?" కూలికి పోవాల్సింది కొట్టినోడి పొలానికే. "లేదయ్యా, రోజూ పోతన్నా" అంటుంది తల్లి. తక్కువ మార్కు పడుద్ది. తప్పించుకునే దారి లేకపోవడమే ఆరోగ్యం కింద జమ! "ఎప్పుడూ కాచుకుని ఉంటున్నారా?" అవునంటే జబ్బు కింద జమ. చుండూరులో 1991 ఆగస్టు 6న 8 మంది దళితుల్ని చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు ఆ శిక్షలన్నీ కొట్టేసింది. అలాంటి చోట రాత్రిపూట అడుగుల చప్పుడుకి చెవులు రిక్కించడం జబ్బా, తెలివా? ఘోరం జరిగిన "తర్వాత" అంటున్నారే, ఆ తర్వాత అనేది మనకి ఎప్పుడొచ్చింది?

కొలతే వద్దని మేం అనడం లేదు. లెక్క లేకపోతే డాక్టరూ రాడు, పరిహారమూ రాదు. "వీళ్లకేం, బానే ఉన్నారు" అనేవాళ్ల నోరు మూయించడానికీ లెక్క కావాలి. కాకపోతే అది సరైన లెక్క కావాలి.

అందుకే అంటున్నాం. ముందు జనాన్ని వినండి, తర్వాత ప్రశ్న రాయండి. ఒకచోట దడుపు అంటారు, ఇంకోచోట గుబులంటారు, మరోచోట సోయి తప్పిందంటారు. అన్నిటికీ ఒకే తెలుగు మాట అతికించొద్దు. గీత ఎక్కడ గియ్యాలో ఇక్కడి మనుషుల్ని చూసి తేల్చండి. పెత్తందారు అరుగు మీద కూర్చుని అడగొద్దు. తేలినదేంటో వాడలోనే చదివి వినిపించండి.

కార్యకర్తలారా, కాగితం వచ్చినరోజు వేలిముద్ర వెయ్యకముందే ఈ మాటలు అడగండి. మా బాధని తూచండి, వద్దనం. రాయి మాత్రం మా కళ్లముందు సరిచూడాలి.