కోయదొర వేషమూ, కోయ మనిషీ

వేషం వేయడం తప్పా? ఈ ప్రశ్న విని పాఠకులు నవ్వవచ్చు. వీథి భాగవతాలూ, పగటి వేషాలూ చూసి పెరిగిన వాళ్ళకు వేషంలో తప్పొప్పులు బోధించడమేమిటని అడగవచ్చు. అడగవలసిన మాటే. కాని ప్రశ్నను కొంచెం మార్చి చూడండి. మరొక జాతి మనిషి ఒంటి రంగును మన ముఖానికి పులుముకొని, ఆ ముఖంతో పదిమందిని నవ్వించి, బహుమతి పుచ్చుకొని, కుళాయి దగ్గర కడుక్కొని ఇంటికి పోవడం తప్పా, కాదా?

ఈ ప్రశ్నను నేను పుస్తకాలలో చదివి ఎత్తుకోలేదు. సికిందరాబాదులో ఒక కళాశాల వార్షికోత్సవంలో వేషాల పోటీ పెట్టారు. న్యాయనిర్ణేతలుగా కూర్చున్న ముగ్గురిలో నేనొకణ్ణి. ఒక అమ్మాయి జపాను బొమ్మల కథలోని నాయిక వేషం వేసింది. నీలిరంగు విగ్గు పెట్టుకొని, తానే కుట్టుకొన్న పొడుగు అంగీ తొడుక్కొన్నది. ఒక అబ్బాయి 2018లో వచ్చిన ‘బ్లాక్ పాంథర్’ చిత్రంలోని ఆఫ్రికా రాజుగా వచ్చాడు. దుస్తులు బాగా కుదిరాయి. కాని అవి చాలవనుకొన్నాడేమో, ముఖానికీ చేతులకూ దట్టంగా నల్లరంగు పూసుకొన్నాడు. చివరికి పన్నెండుమంది విద్యార్థులు ‘కోయ నృత్యం’ అంటూ దిగారు. ఒంటినిండా కొబ్బరినూనెలో కలిపిన బొగ్గుపొడి, నడుముకు కాగితపు ఆకులు, తలమీద ఈకలు, నోట అర్థంలేని కేకలు. హాలంతా విరగబడి నవ్వింది. మొదటి బహుమతి వాళ్ళకే వచ్చింది. నేనూ మార్కులు వేశాను. ఆ సంగతి దాచి ఈ వ్యాసం రాస్తే అది మోసమవుతుంది.

మరునాడు మన్యం నుంచి వచ్చి హాస్టల్లో ఉంటూ చదువుకొనే ఒక కోయ విద్యార్థి నా దగ్గరికి వచ్చాడు. కోపంగా కాదు, నెమ్మదిగానే అడిగాడు: “సార్, మా ఊళ్ళె ఎవ్వరూ ఆకులు కట్టుకోరు. మా నాయన లుంగీ కట్టి అంగీ తొడుగుతడు. మరి నిన్న వీళ్ళు ఏసింది ఎవరి ఏషం?”

నా దగ్గర జవాబు లేదు. అధ్యాపకుల గదిలో మాత్రం రెండు జవాబులు దొరికాయి. పెద్దాయన ఒకరు, “కళకు జాతేమిటండీ, మతమేమిటండీ? పిల్లలు సరదాగా వేశారు, వదిలెయ్యండి” అన్నారు. కొత్తగా చేరిన యువకుడు, “అసలు ఎవరి వేషం వారే వెయ్యాలి, పరాయివాళ్ళు ముట్టుకోకూడదు” అన్నాడు. ఈ రెండు జవాబులూ తప్పేనని నా వాదం. మొదటిది మన సంఘంలో ఎప్పటినుంచో పాతుకొనిపోయిన తప్పు. రెండవది అభ్యుదయం పేరుతో కొత్తగా బయలుదేరిన తప్పు.

కళకు జాతి లేదనేవారు ముందుగా ఒక చరిత్ర వినాలి. 1830ల ప్రాంతంలో అమెరికాలో థామస్ రైస్ అనే తెల్ల నటుడు ముఖానికి మసి పూసుకొని, చింకిగుడ్డలు కట్టి, ‘జిమ్ క్రో’ అనే నీగ్రో బానిస వేషం వేసి గంతులేశాడు. తెల్లవాళ్ళు వెర్రిగా నవ్వారు. ఆ పద్ధతి దేశమంతటా పెద్ద వ్యాపారమయింది. వాళ్ళు నవ్వుతున్న కాలంలోనే అసలు మనుషులను సంతలో అమ్ముతున్నారు. అంతర్యుద్ధం ముగిసి బానిసత్వం పోయింది గాని వేషం పోలేదు. నల్లవాళ్ళను బడిలోనూ బండిలోనూ వేరుచేసిన చట్టాలకు లోకం పెట్టిన పేరేమిటో తెలుసునా? జిమ్ క్రో చట్టాలు! రంగస్థలం మీద పుట్టిన పేరు శాసనాలకు అంటుకొన్నది. మనిషిని నవ్వులాటబొమ్మగా చూడటం అలవాటైన కంటికి, ఆ మనిషికి హక్కులు లేకపోవడం అన్యాయంగా కనిపించదు. ‘సరదా’ చేసే పని ఇది.

ఇది తెల్లవాళ్ళ పాపం, మనకేమిటనవచ్చు. మనకు ఈ దెబ్బ తెలియనిది కాదు. ‘ది సింప్సన్స్’ అనే అమెరికా బొమ్మల ధారావాహికలో అపూ అనే భారతీయ దుకాణదారు పాత్ర ఉన్నది. ఆ పాత్రకు గొంతు ఇచ్చినవాడు హాంక్ అజారియా అనే తెల్ల నటుడు. అక్కడ పుట్టి పెరిగిన మన పిల్లలను బళ్ళలో ఆ యాసతోనే వెక్కిరించారు. తెలుగు కుటుంబంలో పుట్టిన హరి కొండబోలు అనే హాస్యనటుడు 2017లో దీనిమీద ఒక డాక్యుమెంటరీ తీసి నిలదీశాడు. 2020లో అజారియా ఇక ఆ పాత్రకు గొంతు ఇవ్వనన్నాడు. మనవాళ్ళలో ఎందరో సంతోషించారు, న్యాయమే. కాని ఒక్క సంగతి ఆలోచించండి. అమెరికాలో మన యాసను ఎగతాళి చేస్తే అవమానమని గుర్తుపట్టగల మనం, మన ఇంట్లో కోయదొరను చూసి ఎందుకు నవ్వుతున్నాం?

అవును, కోయదొర! తెలుగు సినిమాలో ప్రతినాయకుడి ఇంట్లోకి దూరాలంటే నాయికా నాయకులకు ఎప్పుడూ సిద్ధంగా ఉండే మారువేషం. ముఖానికి నలుపు, తలకు ఈకలు, మెడలో పూసలు, వచ్చీరాని తెలుగు, ఒక పాట. కోయలు నిజంగా ఈకలు ధరించరా అంటే, ధరిస్తారు. కొమ్ము కోయ నృత్యంలో పురుషులు అడవిదున్న కొమ్ములూ నెమలి ఈకలూ కూర్చిన తలపాగా పెట్టుకొని పెద్ద డోళ్ళు వాయిస్తారు. అది పండుగ నాటి, పెళ్ళి నాటి అలంకారం. మనం పట్టుపంచె కట్టి పెళ్ళిపీటల మీద కూర్చొన్నట్టు. దానికి క్రమం ఉంది, అడుగు ఉంది, నేర్చుకోవలసిన విద్య ఉంది. మన పిల్లలు దానిలో ఒక్క అడుగయినా నేర్చుకోలేదు. వాళ్ళు వేసింది కోయ వేషం కాదు. కోయల గురించి నగరంలో చలామణీ అయ్యే ఒక అబద్ధానికి వేషం.

ఆ అబద్ధం ఎవరికి పనికివస్తుంది? పోలవరం ఆనకట్ట ముంపులో పోయే ఊళ్ళలో ఎక్కువమంది కోయలూ కొండరెడ్లూ. దానికోసం 2014లో ఖమ్మం జిల్లాలోని ఏడు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. మన నగరాలలో దీనిమీద ఎంత కలవరం పుట్టింది? ఆకులు కట్టుకొని కేకలు వేసేవాడికి భూమి పట్టా దేనికి, ఈ అడవి కాకపోతే మరో అడవి అనుకోవడం సులువు. లుంగీ కట్టి, అంగీ తొడిగి, కొడుకును సికిందరాబాదులో చదివిస్తున్న తండ్రి గురించి అలా అనుకోవడం అంత సులువు కాదు. అందుకే ఆ తండ్రి వేదికమీదికి రాడు; ఈకలవాడు వస్తాడు. రెండేళ్ళకొకసారి మేడారంలో సమ్మక్క సారలమ్మల గద్దెల ముందు లక్షలాదిమంది చేతులు జోడిస్తారు. ఆ దేవతలను తెచ్చి గద్దెమీద నిలిపేవారు కోయ పూజారులే. కోయల దేవతకు మొక్కి, కోయ మనిషిని చూసి నవ్వే మనం ఏపాటి సంస్కారులం?

ఇక ఆఫ్రికా రాజు వేషం వేసిన అబ్బాయి సంగతి. అతడు ఎగతాళి చేయలేదు. ఆ రాజంటే అతడికి నిజంగా అభిమానం. అందుకే అతడి విషయం మరింత జాగ్రత్తగా చూడాలి. ఆ పాత్ర యుద్ధానికి దిగినప్పుడు తొడిగే ముసుగు ముఖమంతా కప్పేస్తుంది. రంగు కనపడే వీలే లేదు. మరి రంగు దేనికి? ఆ రాజు శౌర్యమూ తెలివీ దుస్తులలో, నడకలో, మాటలో చూపించవచ్చు. నల్లరంగు చూపించేది ఒక్కటే: ‘వీడు నల్లవాడు’ అని. మసాబ్ టాంకు పక్కన ఏసీ గార్డ్స్ అనే పేట ఉన్నది. ఆఫ్రికా నుంచి వచ్చిన నిజాం అశ్వికదళం వల్ల దానికి ఆ పేరు వచ్చింది. వాళ్ళ సంతతి తరతరాలుగా ఇక్కడే ఉన్నది. వాళ్ళ మర్ఫా వాయిద్యం మన నగరపు పెళ్ళి ఊరేగింపులలో మోగుతూనే ఉన్నది. అయినా నలుపంటే మనకు పరాయితనమే. 2017 మార్చిలో గ్రేటర్ నోయిడాలో నైజీరియా విద్యార్థులను గుంపులు వెంటపడి కొట్టాయి. వాళ్ళు చేసిన నేరం ముఖం మీద ఉన్న రంగే. ఆ రంగు కుళాయి కింద పోదు. అభిమానంతో పూసుకొన్నవాడికి పది నిమిషాలలో పోతుంది. వేషానికి దొరికే చప్పట్లు ఒకరికి, ఆ రంగుకు పడే దెబ్బలు మరొకరికి అయినప్పుడు అభిమానమనే మాట ఒక్కటే చాలదు.

ఇంతవరకు వచ్చాక నా యువమిత్రుడు “చూశారా, అందుకే ఎవరి వేషం వారే వెయ్యాలంటున్నాను” అంటాడు. అక్కడే నేను విడిపోతాను. మన భాషలో ‘జాతి’ అనే ఒక్క మాట దేశానికీ తెగకూ కులానికీ సరిపోతుంది. ఎవరి జాతి వేషం వారే వెయ్యాలనే సూత్రం ఈ దేశంలో కొత్తదనుకొంటున్నారా? ఎవరి వృత్తి వారే చెయ్యాలి, ఎవరి వీథిలో వారే ఉండాలి అన్న పాత ధర్మశాస్త్రానికి ఇది కొత్త అట్ట. జంగం కథలోంచి వచ్చిన బుర్రకథను దూదేకుల కుటుంబంలో పుట్టిన షేక్ నాజర్ అందుకొన్నాడు. 1943లో పుట్టిన ప్రజానాట్యమండలి ద్వారా దానిని లక్షలమంది గొంతు చేశాడు. ఈ సూత్రం ప్రకారం నాజర్ తంబురా ముట్టుకోకూడదు! అటువంటి అభ్యుదయం మనకు అక్కరలేదు.

వేషం ఎంత పని చేయగలదో మన సంప్రదాయమే చెబుతుంది. సమ్మెట గురవరాజు పన్నుల కోసం స్త్రీలను హింసిస్తుంటే, కూచిపూడి భాగవతులు విజయనగరం వెళ్ళి, వీరనరసింహరాయల ఎదుట ఆ గురవరాజు వేషమే వేసి అతడి దుర్మార్గాన్ని ఆడి చూపించారని మాచుపల్లి కైఫీయతు చెబుతుంది. ‘కన్యాశుల్కం’లో కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడపిల్ల వేషం వేసి లుబ్ధావధాన్లకు అంటగడతాడు. ఆ వేషంలో నవ్వులపాలయింది ఆడపిల్ల కాదు, ఆడపిల్లను కొనేవాడు. గురవరాజు వేషం పైవాడిమీద కిందివాడు ఎత్తిన కత్తి. బొగ్గు పూసిన కోయ వేషం కిందివాడిమీద పైవాడు వేసిన రాయి. రెండింటినీ ‘కళ’ అనే ఒకే తక్కెడలో తూచడం కుదరదు.

అయితే పైవాడిని వెక్కిరించడం ఒప్పు, కిందివాడిని వెక్కిరించడం తప్పు అనడంతో ప్రశ్న తీరదు. గౌరవించి వేసే వేషాల మాటేమిటి? సత్యభామగా స్థానం నరసింహారావు గారి నటనను ఎవరూ నిందించరు. 1956లో పద్మశ్రీ ఇచ్చి దేశం ఆయనను గౌరవించింది. కాని పురుషుడు స్త్రీ వేషం వేసిన ఆ కాలంలోనే సంసారి స్త్రీ వేదిక ఎక్కితే సంఘం వెలివేసేది. తప్పు స్థానం వారిది కాదు, తలుపు మూసిన సంఘానిది. ఈనాడు ఆదివాసికి ఆ తలుపు తెరిచి ఉన్నదా? 2022లో వచ్చిన ‘ఆర్ఆర్ఆర్’ చిత్రంలో కొమురం భీం పాత్రను జూనియర్ ఎన్‌టీఆర్ ధరించాడు. గోండు కానివాడు భీం పాత్ర ధరించడం నేరమని నేననను. అతడి శ్రమను తక్కువ చేయను. నా ఆక్షేపణ కథలో ఉన్నది. చివరికి భీం తన మిత్రుణ్ణి కోరుకొనేది చదువు. అసలు భీం చంద్రపూర్‌లో ఉన్న రోజులలోనే చదవడం, రాయడం నేర్చుకొన్నాడని ఆయన జీవితచరిత్రకారులు చెబుతారు. జల్, జంగల్, జమీన్ అని నినదించి, 1940లో జోడేఘాట్‌లో నిజాం పోలీసుల తూటాలకు ఒరిగినవాడు తెరమీద మైదానపువాడి ముందు శిష్యుడయ్యాడు. ముఖానికి బొగ్గు లేకపోయినా ఇదీ ఒక రంగు పూయడమే. గోండులు నలుగురు ఆ కథ రాసే గదిలో కూర్చొని ఉంటే ఇలా జరిగేదా?

కనుక నా వాదం ఇది. మరొక జాతి పాత్రను ధరించండి, తప్పకుండా ధరించండి. మరొకడి బతుకులోకి ప్రవేశించలేనివాడికి కళతో పనిలేదు. జపాను నాయిక వేషం వేసిన ఆ అమ్మాయి ఒక కథను ప్రేమించి, దానికి తగిన దుస్తులు కుట్టుకొన్నది. కళ్ళు సాగదీసుకోలేదు, యాస వెక్కిరించలేదు. ఆమెను చూసి నేర్చుకోండి. దుస్తులు పాత్రవి. చర్మం మాత్రం బతికి ఉన్న మనుషులది. దానికి వాళ్ళు రోజూ వెల చెల్లిస్తున్నారు. దానిని అలంకారసామగ్రిలో కలపకండి. పాత్ర ఒక జాతికి చెందినదయితే, ఆ జాతి మనిషిని అడిగి నేర్చుకోండి. వేదికమీద అతడికి చోటు ఇవ్వండి.

ఈ ఏడు వార్షికోత్సవానికి నన్ను మళ్ళీ పిలిచారు. నేను రెండు షరతులు పెట్టాను. పోటీలో ఎవరూ ముఖానికి జాతి రంగు పూయకూడదు. కోయ నృత్యం ఉండదలిస్తే కోయ విద్యార్థుల దగ్గర నేర్చుకొని, వాళ్ళతో కలిసి ఆడాలి. మొదటి షరతుకు సంఘం ఒప్పుకొన్నది. రెండవదానికి, “రిహార్సల్సుకు వ్యవధి లేదు” అన్నారు. బొగ్గు పూసుకోవడానికి ఒక పూట చాలింది గదా, మనిషి దగ్గర నేర్చుకోవడానికి కొంత వ్యవధి పడుతుంది! ఆ వ్యవధి సంపాదించడమే మన సాహిత్య సంఘాల పని, విద్యార్థి సంఘాల పని. ఆ విద్యార్థి అడిగిన ప్రశ్నకు నేనింకా జవాబు బాకీ ఉన్నాను. ఆ బాకీ నా ఒక్కడిదే కాదు.