చిన్న దిద్దుబాటును చిన్నచూపు చూడవద్దు

కంప్యూటర్ రంగంలో గొప్ప పని అంటే కొత్త ప్రోగ్రామ్ రాయడమేనని మన హాస్టల్ మిత్రుల్లో చాలామంది అనుకుంటారు. ఎవరో రాసిన వివరణలో ఒక వాక్యం సరిదిద్దడాన్ని గుమాస్తా పని కింద కొట్టిపారేస్తారు. ఇది సరైన ఆలోచన కాదని మా అభిప్రాయం. ఇంట్లో పాఠం చెప్పేవారు లేక, పుస్తకాన్నే గురువుగా చేసుకుని చదివిన మనకు ఆ పని విలువ అందరికంటే బాగా తెలియాలి.

ఉదాహరణకు జాంగోను తీసుకుందాం. వెబ్‌సైట్లు తయారుచేయడానికి ఉపయోగపడే ఈ ఉచిత సాఫ్ట్‌వేర్ అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో, లారెన్స్ పట్టణంలోని ఒక దినపత్రిక కార్యాలయంలో పుట్టింది. 2005లో అందరికీ విడుదలైంది. అందులో టెంప్లేట్ అనే భాగం ఉంది. మనం నింపే స్కాలర్‌షిప్ దరఖాస్తు ఫారం లాంటిదే అది. ఖాళీ ఉండాల్సిన చోట జంట ఫ్లవర్ బ్రాకెట్ల మధ్య ఒక పేరు రాస్తాం. పేజీ తెరిచినప్పుడు అక్కడికి అసలు సమాచారం వచ్చి చేరుతుంది.

ఒక మార్కుల జాబితా తయారుచేస్తున్నామనుకోండి. మార్కులు నమోదు కానివారి ఎదుట 'గైర్హాజరు' అని కనిపించాలి. ఇందుకు 'డిఫాల్ట్' అనే ఫిల్టర్ వాడితే, పరీక్ష రాసి సున్నా తెచ్చుకున్న విద్యార్థి కూడా గైర్హాజరైపోతాడు. ఆ ఫిల్టర్ సున్నాను కూడా లేనట్టే లెక్కిస్తుంది. నిజంగా విలువ లేనప్పుడే ఆ మాట రావాలంటే 'డిఫాల్ట్ ఇఫ్ నన్' అనే మరో ఫిల్టర్ వాడాలి. అలాగే టెంప్లేట్‌లో పేరు తప్పుగా రాస్తే మామూలుగా ఏ హెచ్చరికా రాదు, ఆ చోటు ఖాళీగా ఉండిపోతుంది. ఇలాంటివి డాక్యుమెంటేషన్‌లో ఒకటి రెండు వాక్యాల సంగతులు. కానీ ఆ వాక్యం స్పష్టంగా లేకపోతే, పక్కన అడగడానికి ఎవరూ లేని విద్యార్థికి ఒక రాత్రంతా వృథా అవుతుంది.

మరి ఆ అస్పష్టత ఎవరికి కనిపిస్తుంది? రాసిన నిపుణుడికి కనిపించదు. విషయం ముందే తెలిసినవాడు మధ్యలో మెట్టు లేకపోయినా దాటేస్తాడు. కొత్తగా ఎక్కేవాడి కాలికే అది తగులుతుంది. పుస్తకంలో 'ఇది చాలా తేలిక' అని ఉంటే, తేలికైనది కూడా మనకు రావడం లేదే అని మాలో మేమే కుంగిపోయిన రోజులున్నాయి. పని కష్టాన్ని తక్కువ చేసి చూపే 'తేలిగ్గా', 'కేవలం' వంటి మాటలు వాడవద్దని నేడు జాంగో వారి రచనా నియమాల్లోనే ఉంది. మనలాంటి పాఠకుడి బాధను వాళ్లు నియమంగా గుర్తించారన్నమాట.

ఈ దిద్దుబాట్లకు పెద్ద అర్హతలు అక్కర్లేదు. జాంగో వివరణలన్నీ ప్రోగ్రామ్‌తో పాటే మామూలు పాఠ్యం ఫైళ్లుగా ఉంటాయి. 2012 నుంచి అవి గిట్‌హబ్‌లో ఉన్నాయి. అక్షర దోషాల వంటి చిన్న మార్పులకు ముందుగా ఫిర్యాదు నమోదు చేయాల్సిన పని కూడా లేదు. పంపిన మార్పును అనుభవజ్ఞులు పరిశీలించి, బాగుంటే చేర్చుకుంటారు. మన కులమేమిటో, మన నాన్న ఏం చేస్తాడో అక్కడ ఎవరూ అడగరు.

అయితే చిన్న పని అంటే పనికిరాని పని కాదు. 2020 అక్టోబరులో హాక్టోబర్‌ఫెస్ట్ సందర్భంగా టీషర్టు కోసం కొందరు అర్థంలేని మార్పులు కుప్పలుగా పంపి, నిర్వాహకులను విసిగించారు. చివరికి నిబంధనలే మార్చాల్సి వచ్చింది. బయోడేటాలో ఒక లైను కోసం చేసే దిద్దుబాటు సేవ కాదు, ఇతరుల నెత్తిన బరువు. మనం తడబడిన చోట తర్వాత వచ్చేవాడు తడబడకూడదని చేసేదే నిజమైన దిద్దుబాటు.

ఇంగ్లీషు రాదన్న భయం సహజమే. కానీ ఒక వాక్యం ఎందుకు అర్థం కాలేదో చెప్పడానికి పాండిత్యం అవసరం లేదు. కంప్యూటర్ నేర్చుకుంటున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఆగిపోయిన ప్రతిచోటునూ ఒక నోట్‌బుక్కులో రాసిపెట్టుకోవాలి. సెలవులకు వచ్చే పూర్వ విద్యార్థులు ఒక ఆదివారం కూర్చుని వాటిని వారితో కలిసి చూడాలి. అందులో నిజంగా లోపమని తేలినదాన్ని దిద్ది పంపుదాం. సీనియర్లు వదిలివెళ్లిన నోట్సుతోనే మనం గట్టెక్కాం. ఆ బాకీ తీర్చుకునే దారి ఇదొకటి.