గొట్టం సరే, దులిపేదెవరు?

వంటింటికి మగవాళ్ళు ఏదైనా అమర్చిపెట్టారంటే దానికి ప్రారంభోత్సవం ఉంటుంది గానీ, ఆ తర్వాత ఆలనాపాలనా ఉండదు. కట్టెలపొయ్యికి పెట్టించే పొగగొట్టం సంగతి అచ్చం ఇంతే. మేస్త్రీ వస్తాడు, గోడకు కన్నం కొడతాడు, గొట్టం నిలబెడతాడు, పొయ్యి అంటించి "చూడండమ్మా, పొగ ఎలా పోతోందో!" అని డబ్బు పుచ్చుకుని వెళతాడు. నిజంగానే పోతుంది. కొన్నాళ్ళు. ఆపైన కాస్తకాస్తగా వెనక్కి తిరుగుతుంది. అప్పుడు ఇంటిల్లిపాదీ అనే మాట ఒకటే: "నీకు వాడుకోవడం చేతకాలేదు!"

ఈ మాట మీదే నా పోట్లాట.

గ్యాసు వచ్చాక ఇంకా కట్టెలపొయ్యి ఏమిటంటారా? 1999లో ఉమ్మడి రాష్ట్రంలో దీపం పథకం, 2016లో దేశమంతటా ఉజ్జ్వల వచ్చిన మాట నిజమే. అయినా సిలిండరున్న ఎన్నో ఇళ్ళలో స్నానాల నీళ్ళు ఇప్పటికీ పెరట్లో కట్టెల మీదే కాగుతున్నాయి. ఊరి బయట తోటలో ఇల్లు కట్టుకునేవాళ్ళు ముచ్చటపడి మరీ కొత్తగా కట్టెలపొయ్యి పెట్టించుకుంటున్నారు. వాళ్ళకూ ఈ చిక్కే.

పొగ లేని పొయ్యి మనకు కొత్తదేం కాదు. హైదరాబాదు ఇంజనీరింగ్ పరిశోధనాలయంలో ఎస్.పి. రాజుగారు గొట్టమున్న మట్టిపొయ్యి రూపొందించి, 1953లో దాని గురించి పుస్తకమే వేశారు. 1980లలో కేంద్రప్రభుత్వం అందుకుంది. 2002లో పథకం ఆగేలోగా కోట్లకొద్దీ పొయ్యిలు కట్టించింది. వాటిలో చాలా మటుకు మూలపడ్డాయి. ఒడిశా పల్లెల్లో ఇలాంటి పొయ్యిల్నే నాలుగేళ్ళపాటు గమనించిన పరిశోధన ఒకటి 2016లో అచ్చయింది. మొదటి ఏడు ఆడవాళ్ళ ఊపిరిలోకి పోయే పొగ తగ్గిందట. తర్వాత ఆ తేడా కాస్తా మాయమైందట. పొయ్యిని సరిగ్గా వాడలేదు, మరమ్మతులు చేసుకోలేదు అని కారణాలు చెప్పారు. ఇలాంటివి చదివి "ఆడవాళ్ళకు శ్రద్ధ లేదు" అని తేల్చేస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

శ్రద్ధ లేదా? ఇత్తడి బిందెను చింతపండుతో అద్దంలా తోమే మనిషికి గొట్టం దులపడం చేతకాదా? దులపాలని చెప్పిందెవరు? చీర కుచ్చెళ్ళు దోపుకుని పెంకుల మీదకు ఎక్కేదెలా?

అసలు గొట్టం ఎందుకు పూడుతుందో ఎవరైనా చెప్పారా? వేడి పొగ తేలిక, పైకి లేస్తుంది. పచ్చికట్టె పెట్టామనుకోండి, సెగలో కొంత భాగం కట్టెలోని నీటిని ఆవిరి చేయడానికే సరి. పొగ చల్లబడి గొట్టం గోడలకు తారులా అంటుకుంటుంది. దాని మీద మసి. మూడంగుళాల గొట్టంలో చుట్టూరా అరంగుళం మసి పట్టిందంటే, అరంగుళమే గదా అనిపిస్తుంది. లెక్కకట్టి చూడండి, పొగకు మిగిలే దారి సగంకన్నా తక్కువ! ఇక ఆ పొగ ఎటు పోతుంది? మన కళ్ళలోకి. దాంతోపాటు రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడూను. పేరుకున్న తారు ఏనాడో పెద్దమంట వేసినప్పుడు గొట్టంలోనే అంటుకోవచ్చు. పైన తాటాకు కప్పయితే ఇక చెప్పేదేముంది!

ఇంగ్లండులో గొట్టాలు ఊడ్చడం ఒక వృత్తి. పసిపిల్లల్ని లోపలికి ఎక్కించి ఊడిపించిన పాపిష్టి రోజులూ ఉన్నాయి. ఆ పనివాళ్ళకు వచ్చే క్యాన్సరుకు మసితో సంబంధముందని 1775లోనే పర్సివల్ పాట్ అనే లండను వైద్యుడు రాశాడు. 1875 చట్టందాకా ఆ ఘోరం ఆగలేదు. అయినా ఒక్కటి గమనించండి: అక్కడ అది పని, దానికి కూలి. మన దగ్గర అది ఇల్లాలి శ్రద్ధ.

పనేమో బ్రహ్మవిద్య కాదు. రోజూ వండే పొయ్యయితే నెలకోసారైనా గొట్టంలోకి తొంగిచూడాలి. నిప్పు పూర్తిగా చల్లారాక, పొయ్యి నోటికి తడి గోనెపట్టా కప్పి, ముక్కుకు గుడ్డ కట్టుకుని, పైనుంచి గడకర్రకు బిగించిన బ్రష్షుతో దులపాలి. వంపు దగ్గరే మసి ఎక్కువ చేరుతుంది. అక్కడ మసి తీసే చిన్న తలుపు ఉండితీరాలి. పాతకాలపు ఆస్బెస్టాస్ గొట్టమైతే గీకబోకండి, తెలిసినవాళ్ళ చేత మార్పించెయ్యండి. ఎండిన కట్టెలే వాడితే సగం బాధ తప్పుతుంది. ఆ కట్టెల్ని వానకు తడవకుండా వేసుకోవడానికి చూరు కింద చోటివ్వడం కూడా పొయ్యి ఖర్చులోదే సుమా!

కనుక కొత్తగా పొయ్యి పెట్టించుకునేవారు మేస్త్రీని ముందే అడగండి, మసి తలుపు ఎక్కడ పెడుతున్నావని. "అది ఎవరూ పెట్టించుకోరమ్మా" అంటే కూలి డబ్బులు కొంగున ముడివేసుకుని కూర్చోండి. బ్రష్షు కూడా ఆ ఖర్చులోనే రావాలి. ఇక నెలకోసారి ఇంటాయన నిచ్చెన ఎక్కాలి. కింద పట్టుకోవడానికి మనం ఉన్నాం.