కొత్త వాల్వు ఎవరి గుండెకి?

గుండె వాల్వు చెడితే రొమ్ము కోసి మార్చాలా, తొడ నరంలోంచి సన్నటి గొట్టం పంపి మార్చాలా? ఏది చవక, ఏది మేలు? పెద్ద డాక్టర్లు సభలు పెట్టి లెక్కలు తేలుస్తున్నారు. తేల్చనివ్వండి. ఆ లెక్కలో మన పేటలెక్కడున్నాయని మేం అడుగుతున్నాం.

గొట్టం పద్ధతి 2002లో ఫ్రాన్సులో అలెన్ క్రిబియే అనే డాక్టరు చేతిలో మొదలైంది. వయసు మీదపడి, బృహద్ధమని వాల్వుకి సున్నం పట్టి, కోతకి తట్టుకోలేని వాళ్ల కోసం వచ్చింది. రొమ్ము ఎముక కొయ్యరు, గుండె ఆపరు. చాలామంది రెండు మూడు రోజుల్లో ఇల్లు చేరతారు. ఎనభై దాటినవాళ్లకి సాధారణంగా అదే మేలు. పేస్‌మేకర్ పెట్టాల్సొచ్చే ప్రమాదం మాత్రం కోతకంటే ఎక్కువ. ఖర్చు పది లక్షలు దాటుతుంది.

మరి మన పేటల్లో వాల్వులు పోతున్నదెవరికి? పాతికేళ్ల కుర్రాడికి, పెళ్లీడు పిల్లకి. చిన్నప్పటి గొంతునొప్పి రుమాటిక్ జ్వరమై, కీళ్లు పట్టి, గుండెకెక్కుతుంది. ఒకే గదిలో ఆరుగురు పడుకునే ఇళ్ల జబ్బిది. ఎక్కువగా కొరికేది మైట్రల్ వాల్వుని. అక్కడ ఈ కొత్త వాల్వు సాధారణంగా పనికిరాదు. కొందరికి బెలూనుతో వెడల్పు చేస్తారు. మిగతావాళ్లకి కోతే గతి.

కోతకి పథకముంది. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవగా నడుస్తోంది. తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థ చేసిన చవక వాల్వు 1990 నుంచీ ఉంది. బాగానే ఉంది, ఆ తర్వాత? ఎముక అతకడానికి రెండు మూడు నెలలు. పోర్టులో బరువెత్తలేడు, స్టీల్ ప్లాంటులో కాంట్రాక్టు పనికెక్కలేడు. లోహపు వాల్వయితే బతికినంతకాలం రక్తం పల్చబరిచే మాత్ర, మాటిమాటికీ రక్తపరీక్ష. అనకాపల్లి అవతల నుంచి కేజీహెచ్‌కి రావాల్సొస్తే ఆ రోజు కూలి పోయె, బస్సు చార్జీ పోయె. ఆడపిల్లకి నెల తప్పితే ఆ మాత్ర కడుపులో బిడ్డకి చేటు. జంతు కణజాలపు వాల్వు వేస్తే చిన్న వయసులో తొందరగా పాడై మళ్లీ కోత.

ఈ కూలి, ఈ చార్జీ, ఈ బిడ్డ... ఏ గడిలో రాశారయ్యా?

మేం కొత్త వైద్యానికి అడ్డం కాదు. మన తాతకీ రొమ్ము కొయ్యని వైద్యం కావాలి. 2017 ఫిబ్రవరిలో సర్కారు స్టెంట్లకి ధర కడితే మందుపూత స్టెంటు 29,600 రూపాయలకి దిగింది. ఈ వాల్వుకీ అలాగే ధర కట్టండి. రక్తపరీక్ష, మాత్ర మండలం ఆస్పత్రిలోనే ఉచితంగా ఇవ్వండి. కోలుకునే నెలల కూలిని వైద్యం ఖర్చులో కలపండి.

అన్నిటికన్నా ముందు పెన్సిలిన్ సూది. రుమాటిక్ జ్వరమొచ్చిన పిల్లలకి మూడు నాలుగు వారాలకోసారి, ఏళ్ల తరబడి, తప్పకుండా పడాలి. లక్షల వాల్వు పక్కన దాని ఖరీదెంత? అది మన పేటకి ఎందుకు అందదు?

తోటి పంతుళ్లారా! గొంతునొప్పి తర్వాత కీళ్లు వాచి బడికి రాని పిల్లని దొంగ సాకులని కసరకండి. ఆస్పత్రికి పంపండి. సూది లేదంటే ఆ మాట కాయితం మీద రాసిమ్మని అడగండి. ఆ కాయితాలు పట్టుకుని కలెక్టరాఫీసుకి కలిసే పోదాం.